కాపలా పిట్ట పాడేదెందుకు?

ఆర్మూరు పసుపు చేల గట్ల మీద, చింతచెట్ల కింద ఎండుటాకులు తిరగేస్తూ పురుగులు ఏరుకునే మట్టిరంగు పిట్టలను చూడనివారుండరు. ఎక్కడ చూసినా ఆరేడు కలిసే ఉంటాయి. హిందీలో వీటిని ‘సాత్ భాయ్’, అంటే ఏడుగురు అన్నదమ్ములు అంటారు. ఇంగ్లీషువారేమో ఏడుగురు అక్కచెల్లెళ్లన్నారు. ఎవరైతేనేం, వాటి గోల భరించడం మాత్రం కష్టమే!

కాసేపు నిలబడి చూస్తే ఆ గోలకూ ఒక పద్ధతి ఉందని తెలుస్తుంది. గుంపు నేల మీద మేస్తుంటే ఒకటి పై కొమ్మ మీద కాపలా కూర్చుంటుంది. డేగ కనబడితే కేక వేస్తుంది. పొరుగు గుంపు హద్దు దాటితే అన్నీ ఒకచోట చేరి ఒక్క గొంతుతో అరుస్తాయి. ఒక జంట పెట్టిన పిల్లలను మిగతావి కూడా మేపుతాయి.

మేత మానుకుని పరుల కోసం కాపలా కాసే గుణం ఎలా నిలిచింది? పరిణామ శాస్త్రవేత్తలను చాలాకాలం తికమకపెట్టిన ప్రశ్న ఇది. వీటి బంధువులైన అరేబియా బాబ్లర్ పిట్టలను ఆమోత్స్ జహావీ 1970 దశకం నుంచి దశాబ్దాలపాటు గమనించారు. ఆ చోటు మనం బైబిలులో చదివే అరాబా లోయ, ఉప్పు సముద్రానికి దక్షిణాన. కాపలా కాయడం ఆ పిట్టకు పరువనీ, తన సత్తా చూపుకోవడమనీ ఆయన అన్నారు. 2001లో జొనాథన్ రైట్ బృందం అవే పిట్టలకు అదనంగా మేత పెట్టి చూసింది. కడుపు నిండిన పిట్ట కాపలా ఎక్కువ కాసింది! ఎత్తున ఉన్నదే ప్రమాదాన్ని ముందు చూస్తుంది కనుక అందులో దాని క్షేమమూ ఉందని కొందరి వాదన.

అంటే స్వార్థమేగా అని పెదవి విరవడానికి మాకు మనసొప్పదు. ఆఫ్రికాలోని కలహారి ఎడారి బాబ్లర్లలో కాపలా పిట్ట ఊరికే కూర్చోదు, సన్నగా కూస్తూ ఉంటుంది. 2008లో పరిశోధకులు ఆ కూత రికార్డు చేసి వినిపించారు. కిందివి ధైర్యంగా విడివిడిగా మేశాయి, తల ఎత్తి చూడడం తగ్గించాయి, ఎక్కువ తిన్నాయి. ‘నేనున్నాను’ అన్న ఆ చిన్న కబురు అందరి కడుపూ నింపింది.

నెహెమ్యా కాలంలో సగంమంది గోడ కడుతుంటే సగంమంది ఈటెలు పట్టుకుని నిలబడ్డారు. ఆ గోడ వెనక ఉన్నవి వాళ్ల ఇళ్లు కూడా. కళ్లంలో పసుపు ఆరబోసి రాత్రి కావలి పడుకునే రైతూ తన కుప్పతోపాటు పక్కవాడి కుప్పను చూస్తాడు. మధ్యమధ్య గట్టిగా దగ్గుతాడు. ఆ దగ్గు వింటూ పక్కవాడు నిద్రపోతాడు.

ఈసారి చేనుకు వెళ్లినప్పుడు గోల చేసే గుంపును కాక, పై కొమ్మ మీది ఒంటరి పిట్టను చూడండి. ఓపిక పడితే ఇంకొకటి ఎగిరి వచ్చి దాని చోట కూర్చోవడమూ కనిపించవచ్చు.