షేర్ ఆటోలో కూర్చునే వరుస: కర్నూలు, కడప ప్రాంతాల ప్రయాణాల్లో సామాజిక వివక్ష

కర్నూలు రాజవిహార్ కూడలిలోనో, కడప ఏడురోడ్ల కూడలిలోనో షేర్ ఆటో ఎక్కే ప్రయాణికునికి టికెట్టు ఉండదు, సీటు నంబరు ఉండదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో డ్రైవరు, అప్పటికే ఎక్కినవారు అప్పటికప్పుడు తేలుస్తారు. ఆ నిర్ణయంలో కులం, మతం, స్త్రీపురుష భేదం ఎలా పనిచేస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రయాణంలో అస్పృశ్యతను చట్టం ఎప్పుడో గుర్తించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం (1976 సవరణతో ఇది పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది) నాలుగవ సెక్షనులో ప్రజా వాహనాల వినియోగానికి అడ్డుపడడాన్ని కూడా శిక్షార్హం చేసింది. అటువంటి నిరాకరణ ఎలా ఉండేదో డా. బి.ఆర్. అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో నమోదు చేశారు. 1929లో చాలీస్‌గావ్‌లో ఆయనను ఎక్కించుకొని నడపడానికి టాంగావాలాలు అంగీకరించలేదు. బండి మాత్రం అద్దెకు దొరికింది. నడపడం తెలియని మనిషి పగ్గాలు పట్టగా ప్రమాదం జరిగి అంబేడ్కర్ గాయపడ్డారు. అంటే అప్పటికే అక్కడ ఒక ‘సర్దుబాటు’ జరిగింది: బండికి మైల లేదు, తోలేవానికి ఉంది.

నేటి షేర్ ఆటోలో ఈ సంబంధం తారుమారైంది. డ్రైవర్లలో దళితులు, ముస్లిములు, వెనుకబడిన కులాలవారు కూడా ఉన్నారు. సీట్లు నిండితే తప్ప బండి కదిలించినా గిట్టుబాటు కాదు కనుక ఎవరినీ వద్దనే స్తోమత డ్రైవరుకు లేదు. అయితే ఎక్కినవారు దిగిపోకుండా చూసుకోవడమూ అతని బతుకుతెరువే. అందుచేత తనకు లేని పట్టింపును కూడా అతడు అమలు చేయవలసి వస్తుంది. “నువ్వు ముందుకు రాబ్బీ”, “అమ్మా, కొంచెం జరుగు” అనే మాటల్లో చోటు మారేది ఎవరు, కదలకుండా ఉండేది ఎవరు అన్నది గమనించాలి. పనిముట్లతో, మూటలతో ఎక్కిన కూలీ డ్రైవరు పక్కన ఒరిగి కూర్చుంటే అది సామాను ఇబ్బందిగానే కనిపిస్తుంది. వివక్షకు అంతకు మించిన ముసుగు అక్కరలేదు.

కులం అడిగే తీరు కూడా మర్యాదగానే ఉంటుంది. “యా ఊరు నాయనా మీది?” అన్నది పలకరింపు. “ఊర్లో యాడ?” అన్నది విచారణ. గేరి పేరో, కాలనీ అన్న మాటో వినబడగానే రెండవ ప్రశ్నకు జవాబు దొరికినట్లే. రాయలసీమ గ్రామాల్లో నివాసస్థలం కులాన్ని అనుసరించి ఏర్పడినందువల్లనే ఈ ప్రశ్నకు అంత శక్తి. పొలం పనులకు పోయే ఆటోలు చాలావరకు ఒకే గేరివారితో నిండుతాయి కనుక అక్కడ ఈ ప్రశ్న పుట్టదు. పట్టణాల దారిలోనే అపరిచితులు మోకాళ్ళు తగిలేలా కూర్చుంటారు.

ఈ ‘తగలడం’ చిన్న విషయం కాదు. 1991 నాటి చుండూరు హత్యాకాండకు దారితీసిన ఘర్షణల మూలం సినిమాహాలులో కాలు తగిలిన వివాదమే.

మతం విషయం మరికొంత చిక్కైనది. నవాబుల ఏలుబడి చూసిన ఈ రెండు పట్టణాల్లో ఉర్దూ వినబడడం వింత కాదు. కడప పెద్ద దర్గాకు హిందువులూ వెళతారు. అయినా బురఖా ధరించిన స్త్రీ పక్కన చోటు ఖాళీగా మిగిలితే, అది స్త్రీ పట్ల మర్యాదా, మతం పట్ల ఎడమా అన్నది చూపుతో తేల్చలేము. పరిశోధకుడు ఆ తర్వాత ఎక్కిన హిందూ స్త్రీ ఎక్కడ కూర్చున్నదో కూడా రాసుకోవాలి.

బస్సులో స్త్రీల సీట్లు రాసి ఉంటాయి. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన స్త్రీల ఉచిత ప్రయాణం కూడా టికెట్టు ఆధారంగానే అమలవుతోంది. ఆటోలో ఆ కాగితం ముక్క లేదు. రెండు గ్లాసుల పద్ధతిలో గ్లాసులు సాక్ష్యంగా నిలుస్తాయి. ఆటో నుండి అందరూ దిగిపోయాక కూర్చున్న వరుసకు సాక్ష్యం మిగలదు. నాలుగవ సెక్షను ఎక్కనివ్వకపోవడాన్ని పట్టుకోగలదు గాని, ఎక్కించుకొని జరిపి కూర్చోబెట్టడాన్ని దాని కింద రుజువు చేయడం కష్టం.