గోత్రం వేరైతే డీఎన్ఏ వేరవుతుందా?

‘అది వాళ్ల డీఎన్ఏలోనే ఉంది’ అనే మాట పెళ్లి సంబంధాల దగ్గరా, ఆసుపత్రి వరండాల్లోనూ ఇప్పుడు తరచూ వినబడుతోంది. మాట కొత్తదే. దాని వెనక ఉన్న నమ్మకాల్లో చాలావరకు మన తాతల నాటివి. వాటిని సరిచూసుకోవడానికి పుదుచ్చేరి తగిన ఊరు. జిప్మర్ లాంటి పెద్దాసుపత్రి ఉంది, దోమల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న పరిశోధన కేంద్రం ఉంది. మేనరికాలూ ఉన్నాయి.

అపోహ: గుణాలు రక్తంలో ఉంటాయి. ఇంకొకరి రక్తం ఎక్కిస్తే వాళ్ల లక్షణాలు వస్తాయి.

వాస్తవం: ఎర్ర రక్తకణంలో అసలు డీఎన్ఏనే ఉండదు. ఎదిగే దశలోనే అది తన కేంద్రకాన్ని వదిలేసుకుంటుంది. రక్తపరీక్షలో డీఎన్ఏ దొరికేది తెల్లకణాల నుంచి. చెంప లోపలి కణాల్లోనూ వెంట్రుక కుదురులోనూ ఉండేది అదే డీఎన్ఏ. దాత రక్తంతో వచ్చే ఎర్రకణాలు మహా అయితే నాలుగు నెలలు ఉంటాయి. మీ ఎముక మజ్జ మీ కణాలనే తయారుచేస్తూ ఉంటుంది. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారి సంగతి వేరు. వారి రక్తకణాల్లో దాత డీఎన్ఏ కనిపిస్తుంది. అప్పుడు కూడా మిగతా అవయవాల డీఎన్ఏ మారదు, స్వభావమూ మారదు.

అపోహ: గుండెకు గుండె డీఎన్ఏ, కాలేయానికి కాలేయం డీఎన్ఏ ఉంటాయి.

వాస్తవం: ఒక మనిషి శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఉండేది ఒకే గ్రంథం. ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాసింది. తల్లి నుంచి సుమారు 300 కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి అన్నే. సాగదీస్తే ఒక్క కణంలోని డీఎన్ఏ దాదాపు రెండు మీటర్లు ఉంటుంది. అందులో ప్రొటీన్లకు సంబంధించిన జన్యువులు 20 వేల దాకా ఉన్నాయి. ఇన్సులిన్ జన్యువు మీ చర్మంలోనూ ఉంది. కానీ దాన్ని తెరిచి చదివేవి క్లోమంలోని బీటా కణాలే. కణానికీ కణానికీ ఉన్న తేడా గ్రంథంలో లేదు, చదివే పుటల్లో ఉంది.

ఆ చదవడం ఎలా జరుగుతుందో ఫ్రెంచివారు పుదుచ్చేరిలో పెట్టిన నోటరీ పద్ధతి తెలిసినవారికి చప్పున అర్థమవుతుంది. ఆ పద్ధతిలో అసలు దస్తావేజు నోటరీ దగ్గరే ఉండేది. కొన్నవారి చేతికి వచ్చేది ధ్రువీకరించిన నకలు. డీఎన్ఏ కూడా కేంద్రకం దాటి బయటికి రాదు. కావలసిన భాగానికి మాత్రం ఆర్ఎన్ఏ అనే నకలు తయారై బయటికి వస్తుంది. రైబోజోమ్ ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదివి, ఒక్కో మూడింటికి ఒక్కో అమైనో ఆమ్లాన్ని చేర్చి ప్రొటీన్ గొలుసు అల్లుతుంది. మూడక్షరాల పదాలు మొత్తం 64. వాటిలో 61 పదాలు అమైనో ఆమ్లాలను సూచిస్తే, మిగతా మూడూ ‘ఇక్కడితో ఆపు’ అని చెబుతాయి. ఈ భాషను విప్పి చెప్పినందుకే హరగోవింద్ ఖొరానా 1968లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు. రైబోజోమ్ నిర్మాణాన్ని చూపినందుకు 2009లో నోబెల్ పంచుకున్న వెంకట్రామన్ రామకృష్ణన్ పుట్టింది పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న చిదంబరంలో.

అపోహ: తండ్రిది బీజం, తల్లిది క్షేత్రం. పిల్లల్లో ఉండేది తండ్రి వంశమే.

వాస్తవం: తండ్రి నుంచి 23 క్రోమోజోములు, తల్లి నుంచి 23. లెక్క పక్కాగా చూస్తే తల్లి వాటాయే కాస్త ఎక్కువ. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు 37 జన్యువులతో సొంత డీఎన్ఏ ఉంది. అది అండం ద్వారా తల్లి నుంచే వస్తుంది. కొడుకు ఎక్స్ క్రోమోజోమ్ కూడా తల్లిదే. ఇక ఆడపిల్లో మగపిల్లవాడో తేలేది తండ్రి నుంచి ఎక్స్ వచ్చిందా వై వచ్చిందా అన్నదాన్ని బట్టి. ఆడపిల్లను కన్నందుకు కోడలిని నిందించేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

అపోహ: డెంగీని అడ్డుకోవడానికి పుదుచ్చేరిలో డీఎన్ఏ మార్చిన దోమలను తయారుచేశారు.

వాస్తవం: ఐసీఎంఆర్ కింద 1975 నుంచి పనిచేస్తున్న వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ 2022లో ప్రకటించినవి వోల్బాకియా దోమలు. దోమ జన్యువుల్లో ఒక్క అక్షరం కూడా కత్తిరించలేదు, అతికించలేదు. వోల్బాకియా అనేది ఎన్నో కీటక జాతుల కణాల్లో సహజంగా బతికే బాక్టీరియా. డెంగీ తెచ్చే ఈడిస్ ఈజిప్టై దోమలో అది మామూలుగా ఉండదు. ఉంటే డెంగీ వైరస్ ఆ దోమలో సరిగా పెరగదు.

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం నుంచి తెప్పించిన గుడ్ల నుంచి పెరిగిన ఆడదోమలను పుదుచ్చేరి మగదోమలతో తరం తర్వాత తరం జతకట్టించారు. జతకట్టిన ప్రతిసారీ పరాయి డీఎన్ఏ వాటా సగానికి సగం తగ్గుతూ, దోమ స్థానిక దోమే అయిపోతుంది. మైటోకాండ్రియా లాగే తల్లి గుడ్డులో ప్రయాణించే వోల్బాకియా మాత్రం తగ్గకుండా పిల్లలకు చేరుతుంది. వారసత్వంగా వచ్చేదంతా కేంద్రకంలోని డీఎన్ఏ కాదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉండదు.

అపోహ: గోత్రం, ఇంటిపేరు వేరైతే రక్తసంబంధం లేనట్టే. మేనరికంలో దోషం లేదు.

వాస్తవం: గోత్రం వెంట నడిచేది వై క్రోమోజోమ్ ఒక్కటే. మిగతా 45 క్రోమోజోములకు గోత్రంతో పనిలేదు. మేనమామకూ మేనకోడలికీ ఇంటిపేర్లు వేరు. అయినా సగటున వారి డీఎన్ఏలో నాలుగో వంతు ఒకటే. మేనత్త మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు ఒకటే. వరసకు అన్నాచెల్లెళ్లు కాబట్టి పెళ్లి కూడదనే పెదనాన్న, పినతండ్రి పిల్లల మధ్యా అంతే. వరస మనం పెట్టుకున్నది, డీఎన్ఏకు దాని ఊసే తెలియదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు తమిళనాడులో 28 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 26, పుదుచ్చేరిలో 19, తెలంగాణలో 18. అలాగని మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా బిడ్డకు లోపం తప్పదనుకోవడమూ అపోహే. ఏ దంపతులకైనా పుట్టుకతో లోపమున్న బిడ్డ కలిగే అవకాశం నూటికి రెండు మూడు. మేనత్త మేనమామ పిల్లలు పెళ్లాడితే దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. మేనమామ–మేనకోడలు జంటకు ముప్పు అంతకన్నా ఎక్కువ.

అపోహ: మా వంశంలో ఎవరికీ జన్యు జబ్బు లేదు, మా పిల్లలకూ రాదు. వచ్చినా నలుగురిలో ఒకరికే, ఒకరికి వచ్చాక మిగతా ముగ్గురికీ భయం లేదు.

వాస్తవం: చాలా జబ్బులు రావడానికి జన్యువు ప్రతుల్లో ఒక్కటి చెడితే చాలదు, తల్లివైపుదీ తండ్రివైపుదీ రెండూ చెడి ఉండాలి. ఒక్కటే చెడినవారు నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా బతుకుతూ తెలియకుండానే దాన్ని కిందితరానికి అందిస్తారు. అలాంటి ఇద్దరు కలిసినప్పుడు ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చిందని రెండో బిడ్డకు మినహాయింపు దొరకదు. వీటికి తోడు, తల్లిదండ్రుల్లో లేని కొత్త అక్షరదోషాలు ప్రతి బిడ్డలోనూ కొన్ని పదులు ఉంటాయి. వాటిలో చాలావాటి వల్ల ఏ హానీ ఉండదు.

అపోహ: డీఎన్ఏ అంటే తలరాతే. అందులో ఉంటే తప్పించుకోలేం.

వాస్తవం: దీనికి జవాబు మన తెలుగువారి మధ్యే ఉంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము సరిగా తయారుకాదు. దాని జన్యువులో మార్పు ఉండటమే కారణం. రెండు మూడు వేల ఏళ్ల కిందట కొద్దిమంది పూర్వికులతో మొదలైన సమూహం లోలోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ లక్షల్లోకి పెరిగింది. అందువల్ల ఆ పూర్వికుల్లో ఎవరికో ఉన్న మార్పు ఈనాడు దగ్గరి బంధుత్వం లేని ఇద్దరిలోనూ కనబడవచ్చు. ఇది ఒక్క కులం కథ కాదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా కొద్దిమంది పూర్వికులతో మొదలైన బలమైన ఆనవాళ్లు ఉన్న దక్షిణాసియా సమూహాలు 81 తేలాయి. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలకు పైనే.

ఈ ఎంజైము లోపం ఉన్నవారికి రోజువారీ బతుకులో ఏ ఇబ్బందీ ఉండదు. చిక్కంతా ఆపరేషన్ బల్ల మీదే. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ మామూలుగా కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. వీరిలో గంటల తరబడి నిలిచిపోతుంది. అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు. తెలియకపోయినా, మందు విరిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచితే మనిషి క్షేమంగా లేస్తాడు. అక్షరం అదే, ఫలితం మాత్రం ఏ మందు తగిలింది, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి మారింది.

కాబట్టి చేయవలసింది కష్టమైనదేమీ కాదు. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి అందడం ఆలస్యమై ఉంటే, ఈసారి ఆపరేషన్‌కు వెళ్లేటప్పుడు మత్తు డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. ఎంజైము ఎంతుందో రక్తపరీక్షలో తెలుస్తుంది. మేనరికం ఖాయం చేసుకునే ముందు, లేదా లోపంతో ఒక బిడ్డ పుట్టాక రెండో బిడ్డ కోసం చూసేముందు, జన్యు సలహాదారును కలవండి. జాతకాలు సరిపోయాయా అని అడగడానికి మనం సిగ్గుపడం. రెండు వైపులా ఏ జబ్బులున్నాయి, పసితనంలో పోయిన పిల్లలున్నారా అని అడగడానికీ సిగ్గుపడనక్కర్లేదు.