చెల్లని నోటుకు గీతలెక్కువ

మా తాతయ్య కుర్రతనంలో రంగం వెళ్లాడు. రంగూన్ అంటారు గానీ మా ఆత్రేయపురంలో పెద్దవాళ్లకి అది రంగమే. గోదావరి జిల్లాలవాళ్లు కాకినాడలో ఓడెక్కి కూలికీ వ్యాపారానికీ బర్మా వెళ్లిన రోజులవి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక తిరిగొచ్చినప్పుడు ఆయన రేకుపెట్టెలో, బట్టల అడుగున నాలుగు నోట్లున్నాయి. నాకు పదేళ్లప్పుడు వాటిని పట్టుకుని సోడా కొట్టుకి పరిగెత్తబోతే మామ్మ ఆపింది.

"వాటికి చిటికెడు ఉప్పు కూడా రాదురా అబ్బాయ్. అయినా పారెయ్యకు, మీ తాతయ్య కష్టం అది."

నా నోట్ల సేకరణ అక్కడ మొదలైంది.

వాటి మీద విలువ రూపాయల్లోనే ఉంటుంది. చెల్లిస్తామని మాటిచ్చింది మాత్రం జపాన్ ప్రభుత్వం. 1942లో బర్మాను ఆక్రమించుకున్నాక అక్కడ వాడకానికి అచ్చేసిన నోట్లవి. నా దగ్గరున్నవాటికి వరస నంబరు లేదు. బర్మాకు గుర్తుగా ‘బి’తో మొదలయ్యే అక్షరాలే ఉన్నాయి. 1945లో బ్రిటిష్‌వాళ్లు తిరిగి రావడంతో అవి చిత్తుకాగితాలయ్యాయి. తాతయ్యవి దొంగనోట్లు కావు. అచ్చేసిన సర్కారు పోయింది, దాంతో నోటూ పోయింది.

దొంగనోట్ల కథ వేరు. అదే యుద్ధంలో జపాన్‌వాళ్లు మన నోట్లకు అచ్చుగుద్దినట్టు నకిలీలు చేశారు. రిజర్వ్ బ్యాంకు నోట్లు 1938 జనవరిలో అయిదు రూపాయలతో మొదలయ్యాయి. వాటిలోని నీటిగుర్తులో ఆరో జార్జి రాజు పక్కకు తిరిగి ఉండేవాడు. నకిలీల బెడద వచ్చాక ఆ గుర్తు మార్చి, ముఖం ఎదురుగా కనిపించేలా పెట్టారు. మన దేశపు నోటులోకి మొదటిసారి భద్రతా దారం వచ్చిందీ అప్పుడే.

నా దగ్గర రెండు రకాల పది రూపాయలూ ఉన్నాయి. మా ఇంట్లో పూతరేకు పల్చన చూడ్డానికి వెలుతురుకి ఎత్తి పట్టినట్టే, ఒక్కోటీ కిటికీకి ఎదురుగా పట్టి చూస్తాను. మొదటిదాంట్లో రాజుగారి ముక్కూ గడ్డమూ ఒక పక్కగా తేలతాయి. రెండోదాంట్లో నేరుగా మనవైపే చూస్తాడు, నిలువునా సన్నగీతలా దారం దిగి ఉంటుంది. ఇవాళ మీ జేబులో ఉన్న నోటులోని దారానికి మూలం ఆ దొంగనోట్లే.

అంతకుముందూ ఇదే జరిగింది. 1861 చట్టంతో సర్కారు నోట్లు అచ్చేసినప్పుడు విక్టోరియా రాణి బొమ్మతో, ఒకవైపే ముద్రతో వచ్చాయి. ఇంగ్లండులో చేత్తో చేసిన కాగితం అది. నకిలీలు పెరిగిపోవడంతో 1867లో వాటి బదులు వేరే నోట్లు తెచ్చారు. ఆ కాలంలో దూరం ఊళ్లకు డబ్బు పంపాలంటే నోటును రెండు ముక్కలు చేసేవారు. మొదటి సగం అందిందని కబురొచ్చాకే రెండో సగం టపాలో వేసేవారు. దొంగ చేతికి సగం చిక్కినా లాభం లేదు.

నైజాం నోట్లది ఇంకో అందం. 1918 నుంచి వచ్చిన ఈ ఉస్మానియా సిక్కా నోట్ల మీద మన తెలుగూ ఉంది. హాలీ అని పిలిచే ఆ నైజాం రూపాయలు ఏడు, అప్పట్లో బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరింటికి సమానంగా ఉండేవి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చట్టం తెలుసుకోవాలి. ఇప్పుడు చెలామణీలో ఉన్న నోటుకు నకిలీ దొరికితే దాచకండి, బ్యాంకులో ఇచ్చేయండి. ముద్ర వేసి తీసుకుని రసీదు ఇస్తారు. నకిలీ అని తెలిసీ మార్చే ఉద్దేశంతో దగ్గర పెట్టుకుంటే ఏడేళ్ల దాకా జైలు. 2016లో రద్దయిన అయిదొందలు, వెయ్యి నోట్లు అన్నీ కలిపి పదికి మించి ఉండకూడదు. అధ్యయనానికీ సేకరణకీ అయితే ఇరవై అయిదు దాకా ఉంచుకోవచ్చు. పాత నోటుకు లక్షలిస్తాం, ముందు కమిషన్ కట్టమని ఫోన్ వస్తే పెట్టేయండి. రిజర్వ్ బ్యాంకు 2021లోనే ఈ మోసం గురించి హెచ్చరించింది.

నా తప్పు కూడా చెప్పాలి. తాతయ్య నోట్లలో ఒకటి చిరుగుతోందని ఊరి బయట ఒక షాపులో లామినేషన్ చేయించాను. వేడికి జిగురు కాగితంలో ఇంకిపోయింది. ఇక ఊడదీస్తే నోటే చిరుగుతుంది. మా డెల్టా చెమ్మకి మిగతా మూడూ పాడవకుండా పాలియెస్టర్ కవర్లలో పెట్టాను. చేతులు కడిగి, పూర్తిగా ఆరాకే ముట్టుకుంటాను.

చెల్లని కాసుకి గీతలెక్కువ అంటారు. నిజమే. మడత గీతలు, పిన్ను చిల్లులు, ఎవరో పెన్సిలుతో వేసుకున్న కూడికలు. తాతయ్య నోట్ల మీద నిలువునా రెండు, అడ్డంగా ఒకటి మడతలున్నాయి. మొలలో దోపుకోవడానికి ఎంత చిన్నది కావాలో అంత చిన్నగా మడిచాడు. మామ్మ చెప్పిన కష్టం నాకు ఆ మడతల్లోనే కనిపిస్తుంది.