పోలీసు కొలువునకు మన ఆడపడుచులు

మగ్గమున్న ఇంట ఆడపిల్ల చేయు పని కూలి లెక్కలో కనబడదు. కండెలు చుట్టునది ఆమె. చిక్కుపడిన నూలు విడదీయునది ఆమె. సోలాపురము వంటి పట్టణములలో తల్లి ప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టునది కూడ ఆమెయే. అట్టి ఇంటి బాలిక తాను పోలీసు ఉద్యోగమునకు పోవుదునని చెప్పినచో పెద్దలు మొదట నవ్వుదురు. పిమ్మట ఆలోచనలో పడుదురు. ఇది ఆలోచించవలసిన విషయమే. అయితే పిల్లకు ధైర్యము చాలునా అని కాదు. ఆమెకు కావలసిన తీరికను, భాషను, కాగితములను ఇల్లు సమకూర్చగలదా అని ఆలోచించవలెను.

స్త్రీలు పోలీసు శాఖలో చేరుట నేడు పుట్టిన మాట కాదు. 1933లోనే తిరువాన్కూరు సంస్థానమున స్త్రీలను పోలీసులుగా నియమించిరి. 1938లో కాన్పూరు మిల్లు కార్మికులు సమ్మె చేసినపుడు అచ్చట స్త్రీలను ఆ పనికి తీసుకొనిరి. 1972లో కిరణ్ బేడీ ఐ.పి.ఎస్.లో చేరిన తొలి మహిళ అయ్యెను. 1973లో కోళిక్కోడున దేశములోని మొదటి మహిళా పోలీసు స్టేషను ఏర్పడెను. ఆ సంవత్సరమే తమిళనాడు పోలీసు శాఖలో స్త్రీలు చేరిరి. 1986లో కేంద్ర రిజర్వు పోలీసు దళమున స్త్రీలతోనే ఒక బెటాలియనును నెలకొల్పిరి.

చట్టము కూడ ఈ ఉద్యోగినులను కోరుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారము, సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వరకు స్త్రీని అరెస్టు చేయరాదు. తప్పనిసరియైనచో మహిళా పోలీసు అధికారి మేజిస్ట్రేటు అనుమతి పొంది చేయవలెను. స్త్రీలపై జరుగు కొన్ని నేరములలో బాధితురాలి ఫిర్యాదును మహిళా అధికారియే వ్రాసికొనవలెను. మన పేట నుండి ఒక అక్కయో చెల్లెలో కన్నీళ్లతో స్టేషను మెట్లెక్కినపుడు, ఆమె చెప్పు తెలుగు మాట అర్థము చేసికొను ఆడమనిషి అచ్చట నుండుట ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు.

ఒక ఇంటి సంగతి

సోలాపురము తూర్పు భాగమున నివసించు ఒక బాలిక ఈ ఉద్యోగమునకు సిద్ధపడుచున్నది. పేరు ఇచ్చట వ్రాయుట లేదు. తండ్రి తువాళ్లు నేయు మరమగ్గముల కార్ఖానాలో కూలి. తల్లి బీడీలు చుట్టును. పిల్ల చిన్న తరగతులు తెలుగు మాధ్యమమున చదివి, 12వ తరగతి ముగించినది. మొదటిసారి భర్తీకి పోయినపుడు మైదానపు పరీక్షలో నెగ్గినది గాని, వ్రాతపరీక్షలో మరాఠీ వ్యాకరణము వద్ద మార్కులు పోయినవి.

ఆ తరువాత ఇంటిలో మూడు మార్పులు జరిగినవి. ఉదయపు వేళ పిల్ల చుట్టవలసిన బీడీలను తల్లి తన వంతులో కలుపుకొన్నది. వారపు కూలి కొంత తగ్గినను ఓర్చుకొనిరి. పెండ్లి మాట తెచ్చిన బంధువులను తండ్రి రెండేండ్లు ఆగుమని కోరెను. తమ్ముడు తనకు వచ్చిన మరాఠీని ప్రతి రాత్రి అక్కకు చదివి వినిపించుచున్నాడు. ఫలితము ఎట్లుండునో రాబోవు భర్తీయే చెప్పవలెను. కాని ఈ ఇల్లు తాను చేయవలసిన పని చేసినది.

మైదానపు పరీక్ష

మహారాష్ట్రమున పోలీసు సిపాయి ఉద్యోగమునకు 12వ తరగతి ఉత్తీర్ణత కావలెను. వయస్సు 18 మొదలు 28 వరకు. వెనుకబడిన తరగతులవారికి 33 వరకు. స్త్రీల ఎత్తు 155 సెంటీమీటర్లకు తగ్గరాదు. ఉద్యోగములలో నూటికి 30 స్త్రీలకు కేటాయింపబడినవి.

మొదట దేహపరీక్ష 50 మార్కులకు జరుగును. 800 మీటర్ల పరుగునకు 20, 100 మీటర్ల పరుగునకు 15, గుండు విసరుటకు 15. వీనిలో సగము మార్కులైన రావలెను. 800 మీటర్లను 2 నిమిషముల 50 సెకండ్లలో ముగించినవారికి పూర్తి మార్కులు లభించును. స్త్రీలు విసరవలసిన గుండు బరువు 4 కిలోలు.

మగ్గము వద్ద పెరిగిన పిల్లకు చేతిలో బలముండును గాని, గంటల తరబడి కూర్చుండుటచే నడుము బిగిసియుండును. కావున పరుగునకు ముందు నడుమును, తొడలను సాగదీయు వ్యాయామము తప్పక చేయవలెను. గుండును బంతివలె విసరరాదు. వ్రేళ్ల మొదళ్లపై నుంచి, మెడకు ఆనించి, కాళ్ల నుండియు నడుము నుండియు వచ్చు ఊపుతో ముందునకు త్రోయవలెను. చేయి భుజమునకు వెనుకగ పోయినచో ఆ విసురు లెక్కకు రాదు. ఈ మెలకువ తెలియక బలమున్న పిల్లలును మార్కులు పోగొట్టుకొందురు. ఇది నెలల సాధనతో వచ్చునది. ప్రకటన వెలువడిన పిమ్మట ఆరంభించిన చాలదు.

వ్రాతపరీక్ష

ఒక్కొక్క ఉద్యోగమునకు పదిమంది చొప్పున వ్రాతపరీక్షకు పిలుతురు. 90 నిమిషములలో 100 మార్కుల పత్రము. గణితము, సామాన్య జ్ఞానము, తర్కశక్తి, మరాఠీ వ్యాకరణము ఇందులో నుండును. నూటికి 40 రానివారు నిలువరు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ మాటలాడు మన పిల్లలకు మాట వచ్చును గాని వ్యాకరణము రాదు. దినమునకు ఒక గంట మరాఠీ వార్తాపత్రిక చదివి, కొంత భాగము చూచి వ్రాయుట మంచి సాధన.

ఇతర రాష్ట్రములలోని మనవారికిని ఇట్టి మెట్టే కలదు. తమిళనాడులో రెండవ తరగతి కానిస్టేబులు పరీక్షకు 10వ తరగతి చాలును గాని, తమిళ భాషాపరీక్షలో 80కి 32 మార్కులు రానిదే అసలు పత్రమును దిద్దరు. ఒడిషాలో ఒరియా చదువను, వ్రాయను, మాటలాడను రావలెను. కావున బరంపురములోని మన తల్లిదండ్రులు బడిలో ఒరియా పాఠమును చులకనగ చూడరాదు. కర్ణాటకమున సివిల్ కానిస్టేబులు ఉద్యోగమునకు పి.యు.సి. ఉత్తీర్ణత అవసరము. యానాము బాలికలు పుదుచ్చేరి ప్రభుత్వపు ప్రకటనలను గమనించుచుండవలెను.

తెలుగులోనే వ్రాయదలచినవారికి కేంద్ర దళముల దారి కలదు. సరిహద్దు భద్రతా దళము, కేంద్ర రిజర్వు పోలీసు దళము మొదలగువాని కానిస్టేబులు పరీక్షను 2024 నుండి తెలుగుతో కలిపి 13 ప్రాంతీయ భాషలలో కూడ జరుపుచున్నారు. దీనికి 10వ తరగతి చాలును. సామాన్యముగ వయస్సు 18 మొదలు 23 వరకు. వెనుకబడిన తరగతులవారికి మూడేండ్ల సడలింపు కలదు. స్త్రీలకు ఎత్తు 157 సెంటీమీటర్లు. 1600 మీటర్లను ఎనిమిదిన్నర నిమిషములలో పరుగెత్తవలెను. పరీక్ష తెలుగులో వ్రాసినను, నివాస పత్రము మాత్రము తాము స్థిరపడిన రాష్ట్రముదే కావలెను.

కాగితముల సంగతి

మన పిల్లలు ఎక్కువగ చిక్కుపడునది ఇచ్చటనే. నెలల తరబడి పరుగెత్తి, రాత్రులు మేల్కొని చదివి, చివరకు ఒక్క పత్రము లేక వెనుదిరుగుట కంటె బాధ వేరొకటి లేదు.

మహారాష్ట్రమున కులపత్రముతో చాలదు. దాని నిజమును నిర్ణయించు వ్యాలిడిటీ పత్రము కూడ కావలెను. ఇతర వెనుకబడిన తరగతులవారు 1967 అక్టోబరు 13 నాటికిని, ప్రత్యేక వెనుకబడిన తరగతివారు 1995 జూన్ 13 నాటికిని తమ కుటుంబము ఆ రాష్ట్రమున నివసించినట్లు రుజువు చూపవలెను. తాత చదివిన బడి రికార్డు, జనన మరణ రిజిస్టరులోని నకలు, మేనత్త బడి విడిచిన పత్రము ఇందుకు పనికివచ్చును. బ్రతుకుతెరువుకై ఊరు విడిచి వచ్చిన కుటుంబములలో ఇట్టి కాగితములు పాతపెట్టెల అడుగున నుండును. వానిని నేడే వెదకి తీయుడు. ఒక కాగితమున కులము పేరు ఒక విధముగను, మరియొకదానిలో ఇంటిపేరు వేరొక విధముగను ఉన్నచో ముందుగనే సరిచేయించుకొనుడు. రాష్ట్రపు జాబితా వేరు, కేంద్రపు జాబితా వేరు. రెంటికి వేర్వేరు పత్రములు పుచ్చుకొనవలెను. నాన్ క్రీమీలేయరు పత్రమునకు గడువు తేదీ ఉండును గనుక దానిని చూచుకొనుచుండవలెను.

డబ్బిచ్చినచో ఉద్యోగము వేయింతుమని వచ్చు దళారులను గడప తొక్కనీయరాదు. మగ్గము తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము వారి చేతిలో పోసినచో మగ్గమును పోవును, ఉద్యోగమును రాదు. నియమములు మారుచుండును గనుక ప్రతి భర్తీకి ప్రభుత్వ ప్రకటననే చదువవలెను.

పెద్దలకు మనవి

ఈ ఉద్యోగము సుఖమైనది కాదు. రాత్రి కాపలా, పండుగనాడు బందోబస్తు, దూరపు బదిలీ అన్నియు ఉండును. ఇది తెలిసియే పిల్ల ముందునకు వచ్చుచున్నది. నెలజీతము, ప్రభుత్వపు భద్రత, నలుగురిలో నిలబడు ధైర్యము ఆమెకు లభించును. నూలు ధర పెరిగిననాడు ఇంటికి ఊత కలుగును.

మన సంఘములు చేయదగిన పనులు మూడు కలవు: సంఘ భవనమున సాయంకాలము రాష్ట్రభాషా వ్యాకరణ తరగతి, బాలికలు గుంపుగ పరుగునకు పోవుటకు తోడుగ ఒక పెద్ద, కాగితములు చదివి చెప్పగల ఒక చదువరి. ఇందు దేనికిని పెద్ద నిధి అక్కరలేదు. పేక ఎంత మేలైనదైనను పడుగు తెగినచో గుడ్డ కాదు. పిల్ల పట్టుదల పేక వంటిది. పడుగు మాత్రము ఇంటివారే పట్టవలెను.