ఇచ్ఛాపురం నుంచి తడ దాకా లారీ ఎక్కడెక్కడ ఆగుతోంది?

మన హాస్టల్లో ప్రతి బ్యాచిలోనూ లారీ డ్రైవర్ల పిల్లలు, క్లీనర్ల పిల్లలు ఉంటారు. మా రోజుల్లోనూ ఉండేవారు. ఆదివారం చూడ్డానికి వస్తానన్న నాన్న రాకపోతే, తర్వాత వచ్చినప్పుడు చెప్పే కారణం ఒక్కటే: "బండి ఆగిపోయిందిరా." ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని అడగాలని అప్పట్లో మాకు తోచలేదు. తర్వాత మాలో కొందరం సివిల్ ఇంజనీరింగ్ చదివాం, కొందరం రవాణా రంగంలోనే ఉద్యోగాలు చేస్తున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని అడిగినప్పుడు ఆ పాత ప్రశ్నకే జవాబు రాద్దామనుకున్నాం.

ముందు దారి సంగతి. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే జాతీయ రహదారిని మన పెద్దవాళ్ళు నేటికీ "ఐదో నంబరు రోడ్డు" అంటారు. 2010లో రహదారుల నంబర్లు మార్చినప్పుడు అది 16 అయింది. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిలో ఇది ఒక భుజం. ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టి తడ దగ్గర బయటపడేలోగా దాదాపు వెయ్యి కిలోమీటర్లు నడుస్తుంది. దీని పక్కనే విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవులున్నాయి. గుంటూరు మిర్చి, చీమకుర్తి గ్రానైటు, కొల్లేటి ప్రాంతపు చేపలు అన్నీ దీని మీదే పోవాలి. ఇలా ఒకే దారి వెంట సరుకు, రేవులు, పరిశ్రమలు, పట్టణాలు అల్లుకుంటే దాన్ని వాణిజ్య కారిడార్ అంటారు.

రోడ్డు వెడల్పు చేస్తే సరుకు త్వరగా చేరుతుందని అందరం అనుకుంటాం. ఒక చిన్న లెక్క చూడండి. పది గంటల ప్రయాణంలో ఒక లారీ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తి, మధ్యలో మొత్తం మూడు గంటలు ఆగిందనుకోండి. అది 560 కిలోమీటర్లు పోతుంది. ఇంకో లారీ 60 వేగంతో నింపాదిగా, ఆగకుండా నడిస్తే 600 కిలోమీటర్లు పోతుంది. అంటే మనకు కావలసింది వేగం కాదు, ఆగకపోవడం. భీమవరం నుంచి హౌరాకు ఐసులో చేపలు వేసుకొని వెళ్ళే డ్రైవరుకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దారి అది. ఎక్కడో ఆగిన గంటను మరెక్కడో యాక్సిలరేటరు తొక్కి పూడ్చుకోవాలని చూస్తాడు. చాలా ప్రమాదాలకు మూలం ఆ పూడ్చుకోవడంలోనే ఉందని మా అభిప్రాయం.

ఆగే చోట్లలో కొన్ని తగ్గిన మాట నిజం. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో రాష్ట్ర సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య నడిచే సరుకుకు, అదే నెల 15 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లోపల నడిచే సరుకుకూ ఈ-వే బిల్లు వచ్చింది. సరుకు విలువ 50 వేల రూపాయలు దాటితే కంప్యూటరులో పుట్టిన ఆ నంబరు బండి వెంట ఉండాలి. టోల్ దగ్గర ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నడుమ నుంచి తప్పనిసరి అయింది.

అద్దం మీద అంటించే ఆ కాగితపు ముక్క ఎలా పనిచేస్తుందో తమ్ముళ్ళు చాలామంది అడిగారు. అందులో బ్యాటరీ ఉండదు. ఒక చిన్న చిప్పు, దాని చుట్టూ సన్నని యాంటెన్నా, అంతే. టోల్ గేటు పైనున్న రీడరు రేడియో తరంగాలు పంపితే ఆ తరంగాల్లోని శక్తితోనే చిప్పు మేలుకొని తన నంబరు చెబుతుంది. ఆ నంబరు ఏ బ్యాంకుదో చూసి, ఖాతాలో డబ్బు ఉందో లేదో తేల్చి, గేటు ఎత్తుతారు. అంటే ట్యాగులో డబ్బు లేదు, బండి వివరాలన్నీ కూడా లేవు. ఉన్నది ఒక గుర్తింపు మాత్రమే. తెలివంతా ఆ గుర్తింపును ఎవరెవరి లెక్కలతో కలుపుతారన్నదాంట్లో ఉంది. 2021లో ఈ-వే బిల్లును ఫాస్టాగ్‌తో ముడిపెట్టారు. బిల్లున్న లారీ ఏ టోల్ గేటు ఎప్పుడు దాటిందో పన్నుల శాఖకు బండి ఆపకుండానే తెలుస్తోంది. ఒకరి కోసం పెట్టిన పరికరం ఇంకొకరికి పనికొచ్చింది. ఇంటెలిజెంట్ ట్రాన్స్‌పోర్టేషన్ సిస్టమ్స్ అన్న పెద్ద పేరు వెనుకనున్న సంగతి ఇదే.

ఇంకో పరికరం కాటా. కదులుతుండగానే బండిని తూచే కాటాలు ఇప్పుడు టోల్ లేన్లలో ఉన్నాయి. రోడ్డులో పాతిన పట్టీల మీదుగా ఇరుసు దాటితే ఎంత ఒత్తిడి పడిందో లెక్కగడతాయి. తూకం ఎందుకంత ముఖ్యమంటే, రోడ్డుకు జరిగే నష్టం బరువుతో సమానంగా పెరగదు. అమెరికాలో 1958-60 మధ్య జరిపిన రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లు తెలుసుకున్నదేమంటే, నష్టం దాదాపు ఇరుసు బరువు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు మీద 20 శాతం ఎక్కువ వేస్తే నష్టం రెండింతలవుతుంది. నమ్మకం కుదరకపోతే 1.2ను నాలుగుసార్లు గుణించి చూడండి. 2018 జూలైలో కేంద్రం అనుమతించిన బరువులు పెంచి, పది టైర్ల లారీకి 25 టన్నులున్నదాన్ని 28.5 చేసింది. పాత రోడ్లు ఏ బరువుకని కట్టారో తెలిసినవారు అప్పుడు ఈ నాలుగో ఘాతాన్నే తలచుకొని ఉంటారు.

ట్యాగు ఉంది, కాటా ఉంది, కెమెరాలున్నాయి, దారి పక్కన వెలిగే బోర్డులున్నాయి, 1033 ఫోనుంది, 108 అంబులెన్సుంది. మరి కొరత ఏమిటి? ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడం. ఈ వెయ్యి కిలోమీటర్లను ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో కాంట్రాక్టు సంస్థకు అప్పగించారు. ఏ ముక్క కంట్రోల్ రూము దానిది. ఒక లారీ బోల్తా పడిందనుకోండి. రోడ్డు వాళ్ళు దాన్ని ఫలానా కిలోమీటరు రాయి అంటారు. పోలీసులు ఫలానా స్టేషను పరిధి అంటారు. డ్రైవరు "దాబా దాటాక పెద్ద వంతెన" అంటాడు. ఫోనులోని జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు చెబుతుంది. నాలుగూ ఒకే చోటు. ఆ నాలుగింటినీ ఒకటిగా పోల్చుకునే పట్టిక ముందే తయారుగా లేకపోతే, అంబులెన్సు ఒక దారిన, క్రేను మరో దారిన తిరుగుతాయి. నంబరు మారి ఇన్నేళ్ళయినా జనం ఐదో నంబరు రోడ్డనే అంటారని పైన రాశాం కదా, ఆ పేరు కూడా పట్టికలో ఉండాలి.

కాబట్టి ప్రణాళిక వేసేవారు కెమెరాల ధరలతో మొదలుపెట్టకూడదు. ఏ సమాచారం, ఎవరికి, ఏ క్షణంలో, ఎక్కడ అందాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర ఈ రహదారి దెబ్బతింది. ఇరువైపులా బండ్లు నిలిచిపోయాయి. చెన్నై వైపు నుంచి వచ్చే లారీకి నెల్లూరులో "దారి లేదు" అని చెబితే ఏం లాభం? నాయుడుపేట దాటకముందే చెబితే శ్రీకాళహస్తి, తిరుపతి వైపు మళ్ళగలదు. విజయవాడ వైపు నుంచి వచ్చే బండికి ఒంగోలులోనే తెలియాలి, అక్కడైతే తిండీ నీళ్ళూ దొరికేచోట ఆగవచ్చు. అంటే నెల్లూరు నీటిమట్టం కబురు వంద కిలోమీటర్లకు పైగా అవతల, వేరే సంస్థ చేతిలో ఉన్న బోర్డు మీద వెలగాలి. నీటిపారుదల శాఖ, జిల్లా అధికారులు, పోలీసులు, రోడ్డు సంస్థలు ముందుగానే ఒప్పందం రాసుకొని ఉంటే తప్ప ఇది జరగదు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేటి వరద ఐతవరం దగ్గర హైదరాబాద్-విజయవాడ రోడ్డును ముంచినప్పుడూ ఇదే పాఠం.

అమెరికా తూర్పు తీరంలో మెయిన్ నుంచి ఫ్లోరిడా దాకా వెళ్ళే 95వ నంబరు రహదారి మీద ఈ చిక్కే వస్తే, 1990ల మొదట్లో ఆ రాష్ట్రాల రవాణా శాఖలు, టోల్ సంస్థలు కలిసి ఒక కూటమి కట్టుకున్నాయి. ఎవరి అధికారం వారిదే, సమాచారం మాత్రం అందరిదీ. మన దేశంలో 2022 సెప్టెంబరు 17న జాతీయ లాజిస్టిక్స్ విధానంతో పాటు వచ్చిన యూలిప్ అనే వేదిక వాహనాల రిజిస్ట్రేషను, ఫాస్టాగ్, రేవుల లెక్కలను ఒకచోట అందుకునే వీలు కల్పించింది. సరుకు యజమానికి బండి ఎక్కడుందో తెలియడానికి ఇది బాగా పనికొస్తుంది.

బండిలో కూర్చున్న మనిషికి? ఇక్కడే మాకు అసంతృప్తి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అని రాసింది. దూరపు లారీల మీద దాన్ని చూసినవారు తక్కువ. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే సరుకు లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషమే. కానీ జీపీఎస్ పెట్టాక చాలామంది డ్రైవర్లకు పెరిగింది "బండి ఎందుకాగింది?" అన్న యజమాని ఫోనే. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు 45 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి, ఆ లెక్క బండిలోని యంత్రం రాసుకుంటుంది. ముందున్న లారీ పార్కింగులో ఖాళీ ఉందో లేదో తెలిపే సమాచార సేవలకూ అక్కడ నిబంధన ఉంది. దానికి పెద్ద సాంకేతికత ఏమీ అక్కర్లేదు. లోపలికి వెళ్ళిన బండ్లు, బయటికి వచ్చిన బండ్లు లెక్కపెట్టే యంత్రం, పది కిలోమీటర్ల ముందు ఒక బోర్డు చాలు. మన కారిడార్ ప్రణాళికల్లో టోల్ ఆదాయం లెక్క ముందు పేజీల్లోనే కనిపిస్తుంది. డ్రైవరు నిద్ర ఏ పేజీలో ఉందో వెతుక్కోవాలి.

ఇలాంటి ప్రణాళికకు మొదటి పని దారి డైరీ. ఏ ఊళ్ళో, ఏ సమయానికి, ఎంతసేపు, ఎందుకు ఆగింది అని నాలుగు గళ్ళు గీసి డ్రైవరు చేత చెప్పించుకొని రాస్తారు. తమ్ముళ్ళలో లారీ ఇంటి పిల్లలు ఉంటే, సెలవుల్లో నాన్న ఒక ట్రిప్పు వెళ్ళొచ్చాక పక్కన కూర్చొని ఆ నాలుగు గళ్ళూ నింపండి. పేరు, బండి నంబరు రాయనక్కర్లేదు. నింపిన కాగితాలు వార్డెన్ గారి దగ్గర ఉంచితే, వచ్చే సమావేశానికి వచ్చినప్పుడు మేము తీసుకొని, అన్నీ కలిపి పటం గీస్తాం. వచ్చే సంచికలో ఆ పటం అచ్చు వేద్దాం.