అంకె తగ్గించారు సరే.. ఊదించారా?

కొత్త సంవత్సరం వేడుకల ముందురోజు, 2018 డిసెంబరు 30న, అమెరికాలోని యూటా రాష్ట్రం డ్రైవర్ల మద్యం పరిమితిని 0.08 నుంచి 0.05కి దించింది. మిగతా రాష్ట్రాలన్నీ 0.08 దగ్గరే ఉన్నాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 డిసెంబరు 5న, స్కాట్లాండ్ కూడా సరిగ్గా ఇంతే తగ్గించింది. ఒకచోట ప్రమాదాలు తగ్గాయి, ఇంకోచోట తగ్గలేదు.

ముందు ఈ అంకెల సంగతి చూద్దాం. 0.08 అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్. డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో మన ట్రాఫిక్ పోలీసులు చెప్పే రీడింగ్ ఈ మిల్లీగ్రాముల లెక్కలోదే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం మనకు 30 దాటితే కేసు. అంకె ఒక్కటే చూస్తే, డాలస్‌లో 75తో గీత దాటని మనవాడు సెలవులకొచ్చి హైదరాబాద్‌లో అదే 75 ఊదితే కోర్టు మెట్లెక్కాల్సిందే. మొదటిసారి దొరికితే రూ.10 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కాబట్టి పరిమితి తగ్గించాలన్న చర్చలో మనం యూటా కంటే ముందే ఉన్నాం, కాగితం మీద.

75 రావడానికి పెద్ద విందేమీ అక్కర్లేదు. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపుతో, 7 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు ఒక్కటి గబగబా తాగేస్తే లెక్క ప్రకారం దాదాపు అంతే వస్తుంది. 42.8 శాతం విస్కీ 60 మి.లీ. పుచ్చుకుంటే 42 చుట్టుపక్కల ఉంటుంది. అదే మోతాదు తక్కువ బరువున్నవాళ్లకు, ఆడవాళ్లకు ఎక్కువ చూపిస్తుంది. ఎక్కినంత వేగంగా దిగదు కూడా. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే వదిలించుకుంటుంది. అర్ధరాత్రి 150 ఉన్న మనిషి నిద్రపోయి, లేచి, స్నానం చేసి, ఇడ్లీ తిని ఉదయం 8 గంటలకు ఆఫీసుకు బయల్దేరినా ఇంకా 30 దగ్గరే ఉంటాడు. సోంపు నమిలినా, పాన్ బిగించినా లాభం లేదు. యంత్రం కొలిచేది ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిని.

పరిమితి ఎందుకు దించమంటారంటే, ప్రమాదావకాశం మెట్లు మెట్లుగా కాకుండా ఒక్కసారిగా ఎగబాకుతుంది కాబట్టి. అమెరికాలో ప్రమాదాల్లో చిక్కుకున్న డ్రైవర్లను చిక్కుకోనివాళ్లతో పోల్చిన పరిశోధనలో, తాగనివాడితో పోలిస్తే ముప్పు 50 దగ్గర సుమారు 1.4 రెట్లు, 80 దగ్గర 2.7 రెట్లు, 150 దగ్గర 20 రెట్లకు పైనే అని తేలింది.

ఇక ఫలితాలు. అమెరికా జాతీయ హైవే భద్రతా సంస్థ అధ్యయనం 2016, 2019 సంవత్సరాలను పోల్చింది. యూటాలో ప్రాణాంతక ప్రమాదాల రేటు 19.8 శాతం పడిపోయింది. మిగతా దేశంలో పడింది 5.6 శాతమే. తాగే అలవాటున్న వాళ్లలో 22 శాతం మంది చట్టం వచ్చాక పద్ధతి మార్చుకున్నామన్నారు. వాళ్లలో ఎక్కువమంది చేసింది ఒకటే, ఇంటికి చేరే ఏర్పాటు ముందే చూసుకోవడం. పర్యాటకులు రారని మద్యం వ్యాపారులు చేసిన గోల అంతా ఇంతా కాదు. అమ్మకాలూ పర్యాటకమూ పడిపోలేదు సరికదా, ఆ గోలే చట్టానికి ఉచిత ప్రచారమైంది.

స్కాట్లాండ్ కథ వేరు. ఇంగ్లండ్, వేల్స్ 80 దగ్గరే ఉన్నాయి కాబట్టి పోల్చడం తేలిక. గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు మార్పుకు ముందు, తర్వాత రెండేసి ఏళ్ల లెక్కలు తీసి లాన్సెట్‌లో ప్రచురించారు. ప్రమాదాలు తగ్గిన జాడ లేదు. బార్లు, రెస్టారెంట్లలో తలసరి మద్యం అమ్మకాలు ఒక్క శాతం కూడా తగ్గలేదు. అక్కడ పోలీసు బండిని ఎప్పుడైనా ఆపొచ్చు, కానీ అనుమానమో, ట్రాఫిక్ ఉల్లంఘనో, ప్రమాదమో లేకుండా ఊదమనడానికి వీల్లేదు. అంకె మారింది, దొరికే అవకాశం మారలేదు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ లెక్క చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 1980 డిసెంబరులో అక్కడ పరిమితిని 0.08 నుంచి 0.05కి దించారు. 1981లో రోడ్డు మీద చనిపోయినవాళ్లు 1,291 మంది, 1982లో 1,253 మంది. 1982 డిసెంబరు 17 నుంచి ఏ కారణమూ లేకుండానే ఎవరినైనా ఆపి ఊదించడం మొదలుపెట్టారు. 1983లో మృతులు 966.

మన దగ్గరికొద్దాం. కేంద్ర రవాణా శాఖ ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాద మృతులు 1,68,491. మద్యం, మత్తు ఖాతాలో రాసినవి 4,201, అంటే 2.5 శాతం. అదే ఏడాది అమెరికాలో మద్యం వాటాయే 32 శాతం. మనవాళ్లు అంత బుద్ధిమంతులా? బెల్టు షాపులున్న ఊరివాళ్లెవరూ నమ్మరు. అమెరికాలో చనిపోయిన డ్రైవర్ల రక్తాన్ని చాలావరకు పరీక్షిస్తారు, పరీక్ష జరగని కేసులకు అంచనా కడతారు. మన పట్టిక పోలీసు రికార్డుల్లోంచి వస్తుంది, అందులో 71 శాతం మరణాలు ‘అతివేగం’ గడిలో పడతాయి. ఆ వేగం వెనక సీసా ఉందో లేదో ఆ గడి చెప్పదు. 2025 అక్టోబరులో కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర కింద బైకు ఇరుక్కుని బస్సు కాలిపోయినప్పుడు, ఆ బైకు నడిపిన యువకుడు తాగి ఉన్నాడని పోలీసులు ధ్రువీకరించింది ఫోరెన్సిక్ పరీక్ష తర్వాతే. అంత పెద్ద ఘోరం కాకపోయుంటే ఆ పరీక్షకు అంత తొందర ఉండేదా?

అందుకే మన 30ని 20 చేయాలా, సున్నా చేయాలా అన్న చర్చ ఇప్పుడు అనవసరం. ప్రమాదంలో చనిపోయిన ప్రతి డ్రైవర్ రక్తాన్నీ పరీక్షించాలి, ఆ లెక్క ఏటా బయటపెట్టాలి. బ్రీత్ అనలైజర్ శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌కే పరిమితం కాకుండా మంగళవారం సాయంత్రం మండల రోడ్డు మీద కూడా కనిపించాలి.