చదువు కాక ఇంకేం చేస్తుంది మీ అమ్మాయి?



మన పిల్లలు అమెరికా వెళ్ళడం కొత్తేమీ కాదు. ఇంజనీరింగు పూర్తిచేసి పై చదువుకని వెళ్ళినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇంటర్మీడియట్ అవగానే అక్కడి పేరున్న కాలేజీల్లో డిగ్రీలో చేరాలని ఉబలాటపడే పిల్లలు కూడా ఇప్పుడు మన ఇళ్ళలో కనిపిస్తున్నారు. ఆ మాట ఇంట్లో పుట్టిన రోజునుంచీ తల్లికి కొత్త బెంగ పట్టుకుంటుంది. "మార్కులకేం లోటు లేదండీ, మా అమ్మాయికి యాక్టివిటీసే లేవు" అంటుంది. ఆ అమ్మాయేమో పక్క గదిలో తమ్ముణ్ణి కూర్చోబెట్టి లెక్కలు చెప్తూ ఉంటుంది!

ఈ యాక్టివిటీస్ అంటే ఏమిటి, వాటిని అక్కడివాళ్ళు ఎందుకు అడుగుతారు, మన పిల్లలు చేసేవాటికి బలం ఎలా వస్తుంది? ఇవాళ ఆ సంగతులు మాట్లాడుకుందాం.

మన దగ్గర ఐ.ఐ.టి. సీటు కావాలంటే ర్యాంకు తెచ్చుకోవాలి. వీణ వాయిస్తావా, వాలీబాల్ ఆడతావా అని మామూలుగా ఎవరూ అడగరు. మద్రాసు ఐ.ఐ.టి. 2024 నుంచి ఆటల్లో రాణించినవాళ్ళకి కొద్ది సీట్లు కేటాయించింది, అది వేరే సంగతి. అమెరికాలో పోటీ ఎక్కువగా ఉండే కాలేజీల పద్ధతి ఇలా కాదు. హార్వర్డ్‌కి ఈ మధ్య ఏటా సుమారు 50,000 మంది దరఖాస్తు పెడుతున్నారు. నూటికి నలుగురైదుగురికి మించి సీటు దొరకదు. పెట్టినవాళ్ళలో చాలామందికి మంచి మార్కులే ఉంటాయి. మరి మార్కులు చూసి ఎవర్ని తీసుకుంటారు, ఎవర్ని వద్దంటారు? అందుకని ఈ పిల్ల క్లాసు బయట ఏం చేస్తుంది, తన చుట్టూ ఉన్నవాళ్ళకి ఏ మాత్రం పనికొస్తుంది అని చూస్తారు. హార్వర్డ్ మీద నడిచిన కోర్టు కేసు 2018లో విచారణకి వచ్చినప్పుడు ఒక సంగతి అందరికీ తెలిసింది. అక్కడ చదువుకి వేరే, ఈ పనులకి వేరే 1 నుంచి 6 దాకా అంకెలు వేస్తారట. అందులో 1 అన్నింటికంటే మంచిది.

అన్ని కాలేజీలూ ఇలాగే చూడవు. చాలా రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలు ముఖ్యంగా మార్కులూ, తీసుకున్న సబ్జెక్టులూ చూస్తాయి. మీ వాడు వాటికే దరఖాస్తు పెడుతుంటే ఈ విషయమై మీరు నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఇక ఫారం సంగతి. కామన్ యాప్ అని ఒక దరఖాస్తు ఉంది. వెయ్యికి పైగా కాలేజీలకి ఆ ఒక్క ఫారమే పనికొస్తుంది. అందులో ఈ పనులు రాయడానికి 10 గళ్ళుంటాయి. ఒక్కొక్క గడిలో ఆ పనిలో మీ హోదా ఏమిటో 50 అక్షరాల్లో, ఏం చేశారో 150 అక్షరాల్లో చెప్పాలి. ఖాళీలూ చుక్కలూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఏయే తరగతుల్లో చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. 10 గళ్ళు కనపడేసరికి మనకి పదీ నింపేయాలనిపిస్తుంది, బొమ్మలకొలువులో ఏ మెట్టూ ఖాళీగా ఉండకూడదన్నట్టు. నిజానికి ఆ నియమమేదీ లేదు. ఎం.ఐ.టి. తన సొంత ఫారంలో నాలుగే అడుగుతుంది. పెన్సిల్వేనియాలోని లఫాయెట్ కాలేజీ ఇకమీదట మేం ఆరింటినే చూస్తామని 2023లో ప్రకటించింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ మాత్రం బహుమతులూ ఉద్యోగాలూ అన్నీ కలిపి 20 దాకా రాయనిస్తుంది. ఎవరి పద్ధతి వారిది.

గళ్ళు నింపేసే ఉత్సాహంలో ఒక చిన్న కూడిక మర్చిపోతుంటాం. వారానికి 168 గంటలు. రోజుకి 8 గంటలు నిద్రపోతే 56 పోయాయి. కాలేజీకి 40 అనుకోండి. మిగిలినవి 72. అందులోనే స్నానం, భోజనం, ప్రయాణం, హోంవర్కు. ఒక్కో పనికి 8 గంటల చొప్పున 10 పనులు రాస్తే 80 అవుతాయి. దరఖాస్తు చదివేవాళ్ళకి ఆ కూడిక రాదనుకోకండి!

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మన ఇళ్ళలో ఒక పద్ధతుంది. పిల్లకి ఆరో ఏట కూచిపూడికో, సంగీతానికో పంపిస్తాం. ఎండనకా వాననకా ఆటో ఎక్కించి తీసుకెళ్తాం, తీసుకొస్తాం. తొమ్మిదో తరగతి రాగానే "ఇక టెన్త్ వస్తోంది, చాల్లే" అని మాన్పించేస్తాం. ఆ ఫారం అడిగేది సరిగ్గా తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా! చిన్నప్పుడు ఎన్ని బహుమతులొచ్చినా వాటికి అక్కడ చోటుండదు. అమెరికాలో మన తెలుగు పిల్లలు స్పెల్లింగ్ పోటీల్లో ఎంత పేరు తెచ్చుకుంటున్నారో మీకు తెలుసు. జాతీయ స్పెల్లింగ్ బీలో ఎనిమిదో తరగతి దాటినవాళ్ళు పాల్గొనడానికి వీల్లేదు. అంటే కాలేజీ ఫారంలో లెక్క మొదలయ్యేసరికి ఆ పోటీ ముగిసిపోతుంది. అందుకని అక్కడి తల్లులకి కూడా ఇదే చిక్కు.

ఎనిమిదేళ్ళు చేసినదాన్ని మాన్పించి, ఇంటర్లో మళ్ళీ డబ్బు పోసి కొత్తదేదో మొదలుపెట్టించడం ఎంత తెలివితక్కువ పనో ఆలోచించండి. మాన్పించకండి, తగ్గించండి. ఆదివారం రెండు గంటలు చాలు. వయసు పెరిగినకొద్దీ ఆ రెండు గంటల్లో చేసే పని మారాలి. నేర్చుకున్న పిల్ల ఇప్పుడు చిన్నపిల్లలకి అడుగులు దిద్దొచ్చు. దగ్గర్లో ఉన్న ప్రభుత్వ పాఠశాలలో డాన్సు నేర్చుకునే వీల్లేని పిల్లలకి నేర్పొచ్చు. వాళ్ళ గురువుగారికి నోటికి వచ్చి, కాగితం మీద ఎక్కని పాటలుంటే రాసిపెట్టొచ్చు. అరంగేట్రానికి పట్టుచీరలూ, ఫొటో ఆల్బమూ, విందూ అని లక్షలు పోసినంతమాత్రాన ఫారంలో ఒక్క అక్షరం ఎక్కువ పట్టదు. బలం అనేది ఆ పని వల్ల ఎవరికేం ఒరిగిందన్న దాంట్లో ఉంది.

చెయ్యితిరిగిన పిల్లలు వేరే ఉంటారు. కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అటువంటి పిల్లలకి నా సలహా అక్కర్లేదు. గణితం ఒలింపియాడ్ వంటివాటిలో గెలిచిన బహుమతులు రాయడానికి ఆ ఫారంలో విడిగా 5 గళ్ళున్నాయి. నేను మాట్లాడుతున్నది మనందరి ఇళ్ళలో ఉండే మామూలు పిల్లల గురించి.

మామూలు పిల్లల గురించి అన్నాను కాబట్టి, మన ఆడపిల్లలు ఎప్పుడూ రాయని ఒక సంగతి చెప్పాలి. తల్లి ఆరింటికే ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. నాయనమ్మకి చక్కెర వ్యాధి. ఆ పిల్ల పొద్దున్నే లేచి నాయనమ్మకి ఇన్సులిన్ ఇచ్చి, తమ్ముణ్ణి తయారుచేసి బడికి పంపి, అప్పుడు కాలేజీకి పోతుంది. సాయంత్రం మళ్ళీ అదే. వారానికి 15 గంటలు ఎక్కడికీ పోవు. "ఏం చేస్తావమ్మా?" అని అడిగితే "ఏం చెయ్యనండీ" అంటుంది! మంగళగిరిలో అమ్మతో కూర్చుని కండెలు చుట్టే అమ్మాయీ అంతే, సాయంత్రాలు నాన్న కిరాణా కొట్లో కూర్చునే అబ్బాయీ అంతే. కామన్ యాప్‌లో పనుల రకాలు ఎంచుకునే చోట కుటుంబ బాధ్యతలు అని ఒకటీ, జీతం వచ్చే ఉద్యోగం అని ఒకటీ విడిగా ఉన్నాయి. 2016లో హార్వర్డ్‌లోని విద్యాశాస్త్ర విభాగం వారు ఒక నివేదిక వేశారు. ఇంటికి అండగా నిలిచే పిల్లల శ్రమని కూడా కాలేజీలు గుర్తించాలని అందులో గట్టిగా చెప్పారు. చాలా కాలేజీల ప్రవేశాధికారులు దాన్ని సమర్థించారు. కాబట్టి మీ అమ్మాయిని సిగ్గుపడొద్దని చెప్పండి. ఉన్నది ఉన్నట్టు, గంటలు లెక్కేసి రాయమనండి.

అలాగని ఈ మాట విని ఆడపిల్లకి రేపట్నుంచి అంట్ల పని పెంచేయకండి తల్లీ! ఆ గడి మగపిల్లవాడి ఫారంలోనూ ఉంది.

మరి హాస్టల్లో ఉండి పొద్దున్నించి రాత్రిదాకా స్టడీ అవర్లలో మగ్గే పిల్లల సంగతేమిటి? వాళ్ళకి రోజువారీ వీలు లేదు, నిజమే. సెలవులున్నాయి, ఆదివారం ఒక పూట ఉంది. ఖర్చులేని పనులు కూడా ఉన్నాయి. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. తన ఊరి చెరువు గురించో, గుడి గురించో, అక్కడి పంటల గురించో ఆధారాలు చూసి రాసే పిల్లలకి అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఎంత రాశారో కూడా అందులో నమోదై ఉంటుంది. ఇంకొకరి సర్టిఫికెట్టుతో పనిలేదు. డ్వాక్రా సంఘంలో ఉన్న అమ్మమ్మకి బ్యాంకు కాగితాలు నింపిపెట్టే పిల్ల, అదే సాయం సంఘంలో అందరికీ చేస్తే అది పెద్ద పనే. అమెరికాలో ఉన్న మన పిల్లలైతే ఆదివారం తెలుగు బడిలో చిన్నవాళ్ళకి అ ఆలు దిద్దించొచ్చు.

మన బెంగని కనిపెట్టి వ్యాపారం చేసేవాళ్ళు బయల్దేరారు. ఇంత ఇస్తే మీ అమ్మాయి పేరు మీద సేవాసంస్థ పెట్టిస్తాం, పరిశోధన వ్యాసం రాయించి అచ్చు వేయిస్తాం అంటారు. 16 ఏళ్ళ పిల్ల అధ్యక్షురాలు, సభ్యులు వాళ్ళ బాబాయి పిల్లలు! ఇటువంటివి చదివీ చదివీ అక్కడివాళ్ళకి అలవాటైపోయింది. 2019 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఒక పెద్ద మోసాన్ని బయటపెట్టింది. రిక్ సింగర్ అనే కాలేజీ సలహాదారు, కోచ్‌లకి లంచాలిచ్చి, ఆ ఆటలు ఆడని పిల్లల్ని క్రీడాకారులుగా చూపించి సీట్లు ఇప్పించాడు. సినిమా తారలతో సహా చాలామంది తల్లిదండ్రులు జైలుకెళ్ళారు. అతనికి 2023 జనవరిలో మూడున్నరేళ్ళ శిక్ష పడింది. మన ఇళ్ళలో అంత దూరం ఎవరూ పోరనుకోండి. కానీ ఫారం చివర ఇందులో రాసిందంతా నిజమని పిల్ల చేతే సంతకం చేయిస్తారు. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు ఆ వ్యాపారి మీ ఫోను ఎత్తడు.

ఇంత చేసినా సీటు వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎం.ఐ.టి. ప్రవేశాల కార్యాలయంలో పనిచేసే క్రిస్ పీటర్సన్ 2010లో రాసిన ఒక వ్యాసంలో ఈ సంగతే చెప్పారు. సీటు రాకపోయినా చేసినందుకు సంతోషించగలిగే పనులే పిల్లలు చెయ్యాలన్నది ఆయన మాటల సారం. నా మట్టుకు నాకు ఇందులో కాదనడానికి ఏమీ కనపడలేదు.

చివరగా రెండు మూడు పనికొచ్చే విషయాలు. తొమ్మిదో తరగతినుంచీ ఒక నోటుపుస్తకం పెట్టించండి. పాలపద్దులాగా తేదీ, ఏం చేసింది, ఎన్ని గంటలు, ఎంతమందికి అని ఒక్క వరుస రాసుకుంటే చాలు. మూడేళ్ళ తర్వాత గుర్తుతెచ్చుకుని రాస్తే అంకెలు సరిగా రావు. ఫారం ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. కొన్ని కాలేజీలు నవంబరు మొదట్లోనే దరఖాస్తులు తీసుకుంటాయి కాబట్టి ఇంటర్ మొదటి ఏడాది వేసవి సెలవుల్లోనే ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోవాలి. 150 అక్షరాల్లో "సమాజసేవ మీద ఎంతో ఆసక్తితో పాల్గొన్నాను" అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. "ఏడో తరగతి పిల్లలు 9 మందికి లెక్కలు, శని ఆదివారాలు, రెండేళ్ళు" అంటే కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. చదివేవాళ్ళకి డ్వాక్రా అంటే తెలియదు, బతుకమ్మ అంటే తెలియదు. అదేమిటో చెప్పడానికి నాలుగు మాటలకి చోటు ఉంచుకోవాలి. రాసేది పిల్లే రాయాలి. మీరు పక్కన కూర్చుని, మర్చిపోయినవి గుర్తుచేస్తే చాలు.

ఉపాధ్యాయుల దగ్గర్నుంచి ఉత్తరాలు కూడా అడుగుతారు. ఎం.ఐ.టి. అయితే లెక్కలో సైన్సో చెప్పే ఒకరిదీ, భాషో చరిత్రో చెప్పే ఇంకొకరిదీ అడుగుతుంది. ఎం.పి.సి. పిల్లలు తెలుగు, సంస్కృతం క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుని ఫిజిక్స్ లెక్కలు చేసుకుంటుంటారు, మనకి తెలియంది కాదు. ఆ మేష్టారికి మీ అమ్మాయి పేరైనా తెలుసో లేదో ఈ వారమే అడిగి చూడండి.